కొరియర్ ఫారం గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ కొరియర్ ఫారం గారికి,

తిరుపతి కొర్లగుంట నుంచి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. తమరి మూడో కాపీ మాత్రం క్షేమంగా లేదు. కౌంటరు దగ్గర పురికొసతో కట్టేసిన పెన్ను పట్టుకుని ఎంత ఒత్తి రాసినా అక్షరాలు రెండో కాపీ దాటడం లేదు. పంపినవాళ్ళ చేతికొచ్చేది ఆ మూడోదే. పార్సిల్ పోతే మాకు సాక్ష్యంగా మిగిలేది ఒక తెల్లకాగితం, దానిమీద సగం పడిన స్టాంపు.

మా వీధిలో ఎవరు ఫారిన్‌కు పార్సిల్ కట్టినా ఫారం నింపే పని నాకే తగులుకుంటుంది. ఆ చనువుతో నాలుగు మాటలు చెప్తున్నా, కోపగించుకోకండి.

తమరికి లౌక్యం బొత్తిగా లేదు. లోపల ఏముందని అడుగుతారు. 'సామాన్లు' అని రాస్తాం. ఏం సామాన్లంటారు. 'తినే సామాన్లు' అని రాస్తాం. అయినా తృప్తి ఉండదు. మామిడికాయ ఊరగాయ ఎంత, మురుకులు ఎంత, చెనిగ్గింజల పొడి ఎంత, దేని బరువు దానికి, దేని ధర దానికి విడివిడిగా కావాలి. పైగా ఒక్కోదానికి హెచ్ఎస్ కోడ్, అంటే ఏ రకం సరుకో కస్టమ్స్‌వాళ్ళు గుర్తుపట్టే నంబరు. పెళ్ళయి వచ్చిన నాటినుంచి ఊరగాయ పెడుతున్న మా పెద్దమ్మకు, అది 2001తో మొదలయ్యే కోడ్ కింద వస్తుందని నిన్నమొన్నటిదాకా ఎవరూ చెప్పలేదు. చెప్పాక కూడా కారం ఏమీ తగ్గించలేదు. అవతల కస్టమ్స్ ఆఫీసరు మా ఊరివాడు కాదు కదా, 'సామాన్లు' అన్న ముక్క చూసి అర్థం చేసుకుని వదిలేయడానికి! కత్తి తీసి పెట్టె విప్పుతాడు. తప్పంతా తమరిదేనని ఇక్కడ మేం తీర్మానించుకుంటాం.

విలువ గడి దగ్గర మావాళ్ళ వినయం చూడాలి. పట్టుచీర ధర 500 అని రాయించుకుంటారు. అదే చీర పెళ్ళిలో నలుగురికీ చూపించేటప్పుడు 18 వేలు. దారిలో పోయిందనుకోండి, మళ్ళీ 18 వేలే ఇవ్వాలని కౌంటరు మీద చెయ్యి చరుస్తారు. రాసినదానికి మించి పైసా ఇవ్వనని తమరు ముందే వెనక పేజీలో చీమతలంత అక్షరాల్లో అచ్చేయించుకున్నారాయె! దాని కింద సంతకం కూడా మాదే.

గిఫ్ట్ గడి సంగతి ఇంకో కథ. 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు ఇస్తూ వచ్చిన సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. మనిషి మనిషికి పంపుకునే అసలైన గిఫ్టుకైతే 100 డాలర్ల దాకా మిగిల్చింది. అప్పటినుంచి మావాళ్ళ ప్రేమకు పట్టపగ్గాల్లేవు. ఒకే సైజు, ఒకే రంగు జాకెట్లు డజను, అన్నీ ఒకే పిన్నికి గిఫ్టు!

బరువు దగ్గర మాత్రం మా ప్రాణం ఉసూరుమంటుంది. ఊరగాయ, మురుకులు కలిపి 3 కిలోలు. వాటిని భద్రంగా ఉంటాయని మిక్సీ వచ్చిన అట్టపెట్టెలో పెట్టి, సందుల్లో పాత పేపర్లు కుక్కి తెచ్చింది పెద్దమ్మ. కౌంటరు పిల్లోడు టేపు పెట్టాడు. పొడవు, వెడల్పు, ఎత్తు తలా 30 సెంటీమీటర్లు. మూడూ గుణించి 5000తో భాగించాడు. 5.4 కిలోలు. రెంటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు.

"గాలికి కూడా దుడ్లా నాయనా?" అంది పెద్దమ్మ.

"విమానంలో చోటుకమ్మా" అన్నాడు వాడు, తలెత్తకుండా.

ఇక ఇది తిరుపతి. ఇక్కణ్ణుంచి పెట్టె కదిలిందంటే ప్రసాదం, కుంకుమ, వాటి పక్కన కర్పూరం పొట్లం ఉండి తీరాలి. తమరి లెక్కలో కర్పూరం మండే పదార్థం, ప్రమాదకరమైన సరుకుల్లో 4.1 తరగతి, విమానం ఎక్కనివ్వరు. స్వామి హారతికి పనికొచ్చేది విమానానికి పనికిరాదా అని ఒక పెద్దాయన అరగంట వాదించాడు. హారతిలో అది చేసే పని కూడా మండటమే కదా అని ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అడ్రసు దగ్గర తమరి తప్పు కూడా ఉంది, ఒప్పుకోండి. తిరుపతి జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. మీ కంప్యూటర్లో ఇంకా మమ్మల్ని చిత్తూరు జిల్లాలోనే కట్టేశారు. 1972 నుంచి ఉన్న పిన్ కోడ్ ఒక్కటే మాకు దిక్కు. అందులో కూడా మాది 517501, చిత్తూరుది 517001. అంకె ఒకటి అటూ ఇటూ అయితే పార్సిల్ చిత్తూరు చూసొస్తుంది. మావాళ్ళు అది కూడా రాయరు. 'రామాలయం వెనక, వేపచెట్టు ఇల్లు' అంటారు. డాలస్ అడ్రసుకు కూడా అపార్ట్‌మెంట్ నంబరు వదిలేసి 'గుడి దగ్గర' అని చెప్పించుకుంటారు. ఫోన్ నంబరు గడిలో పంపేవాళ్ళదే రెండుసార్లు. డెలివరీవాడు డాలస్‌లో తలుపు ముందు నిలబడి ఫోన్ చేస్తే కొర్లగుంటలో అర్ధరాత్రి మోగుతుంది.

ఇంకా చాలా ఉంది కానీ, పెద్దమ్మ మళ్ళీ వచ్చి కూర్చుంది. ఈసారి పెట్టెలో వెండి కుంకుమభరిణె ఉందట. 'పూజ సామాన్లు, 100 రూపాయలు' అని రాయమంటోంది. తమరి జాబు అందేలోపు ఆమెకు కాఫీ ఇచ్చి కూర్చోబెడతాను. త్వరగా రాయండి, రెండో కాఫీ తాగదు.

ఇట్లు,
మా వీధి రాయసగాడు