స్పేస్ భంగం

ఛందస్సులో గణభంగం ఉంది, యతిభంగం ఉంది, ప్రాసభంగం ఉంది. మొన్న మా డిగ్రీ కాలేజీ నాలుగోది కనిపెట్టింది. స్పేస్ భంగం.

తనిఖీ బృందం వస్తోందని ఈ ఏడు తెలుగును కూడా ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్ మూడుల్‌లోకి ఎక్కించారు. ఎక్కించడమంటే పుస్తకం స్కాన్ చేసి పీడీఎఫ్ పెట్టడం, కింద ఓ క్విజ్ తగిలించడం. ప్రశ్న: ఉత్పలమాల గణాలు రాయండి. జవాబుల కీలో ఉన్నది: భరనభభరవ. మూడో బెంచీ అమ్మాయి టైప్ చేసింది: భ ర న భ భ ర వ. సున్నా. ఇంకొకడు కామాలు పెట్టాడు. వాడికీ సున్నా. ఒక్క పాదం కూడా నోటికి రాని మహానుభావుడు వాట్సాప్ గ్రూపులో వచ్చింది తెచ్చి అతికించాడు. ఫుల్ మార్కులు.

"ఉత్పలమాల మారిందా సార్?" అనడిగింది అమ్మాయి. ఇద్దరం ల్యాబ్ ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్లాం. ఆయన కళ్లజోడు సర్దుకుని స్క్రీన్ మీదికి వంగి, పోస్టుమార్టం చేసిన డాక్టరులా తలెత్తాడు.

"గ్యాప్ ఇచ్చింది సార్."

"గణానికీ గణానికీ మధ్య గ్యాప్ ఇస్తే తప్పా?"

"తప్పని కాదు సార్. సిస్టమ్ తీసుకోదు."

"పదో అక్షరం యతి. పోనీ అక్కడైనా ఇవ్వొచ్చా?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "అండర్‌స్కోర్ పెట్టి చూడమనండి సార్."

తాటాకు మీద పదాల మధ్య ఖాళీ వదిలే అలవాటు లేదు కాబట్టి నన్నయగారు మా క్విజ్‌లో గట్టెక్కేవారు.

సాఫ్ట్‌వేర్‌ను తిడితే పాపం. ఆస్ట్రేలియాలో మార్టిన్ డూగియామస్ తయారుచేసిన మూడుల్ మొదటి వెర్షన్ 2002లో వచ్చింది. పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ నేర్చుకోవాలన్నది ఆయన ఆలోచన. ఒకే ప్రశ్నకు నాలుగైదు సరైన జవాబులు పెట్టుకునే వీలూ అందులో ఉంది. మావాళ్లు చర్చావేదికను మొదటిరోజే మూసేశారు. పిల్లలు కబుర్లు చెప్పుకుంటారట!

ఇక పద్యపఠనం. ఫైలు 2 ఎంబీ దాటకూడదు. ఆ అమ్మాయి ఊళ్లో సిగ్నల్ మేడ మీదే. రాత్రి మేడెక్కి, పాదం పాదం ఆగి చదివి రికార్డు చేస్తే 2.3 ఎంబీ వచ్చింది. తీసుకోలేదు. రెండోసారి బస్సు తప్పిపోతున్నట్టు గడగడా చదివింది. పచ్చ టిక్కు పడింది.

ఆ రికార్డింగ్ నేను విన్నాను. "కళ"ను "కల" అంటోంది, ఒత్తులు మింగేస్తోంది. అది దిద్దడానికే కదా నాకు జీతం! పిల్ల నా ఎదురుగా కూర్చోవాలి, నేను అని చూపించాలి, తను అనాలి, మళ్లీ అనాలి. వారానికి నాలుగు పీరియడ్లుంటే "ఆన్‌లైన్‌లో పూర్తయింది" అని రెండు కోసేశారు. ఎవడికి పూర్తయింది? 68 పేర్ల పక్కన టిక్కులు పడితే తెలుగు వచ్చేసినట్టా? పిల్లల చేత నోరు విప్పించకుండా భాష నేర్పామని తనిఖీ ఫైల్లో రాసుకోవడానికి సిగ్గుండాలి.

చివరికి స్పేసులున్న జవాబు, కామాలున్న జవాబు కూడా కీలో చేర్చి మళ్లీ మార్కులు వేయించాను. 11 మందికి కలిసింది. గడువు దాటాక క్విజ్ ఎందుకు ముట్టుకున్నారో సంజాయిషీ ఇవ్వమని నాకు మెమో వచ్చింది. అది కూడా అందులోనే అప్‌లోడ్ చేయాలట. 2 ఎంబీ లోపు.