837 రద్దు

మన దేశంలో మీడియం వేవ్ రేడియో స్టేషన్లను తొమ్మిదేసి కిలోహెర్ట్జ్ ఎడంగా కేటాయించారు. అమెరికాలో పదేసి. ఈ కాస్త తేడాతో నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోని ఒక ఇంట్లో ఆకాశవాణి విజయవాడ కేంద్రం రద్దయిపోయింది.

ఆ ఇంటి పెద్దాయనకు డల్లాస్‌లో ఉన్న కొడుకు డిజిటల్ ట్యూనర్, అంటే బటన్లతో స్టేషన్ పట్టే రేడియో పెట్టె పంపాడు. అది అమెరికా లెక్కన పదేసి చొప్పునే కదులుతుంది. బటన్ నొక్కితే 830. ఇంకోసారి నొక్కితే 840. విజయవాడ 837లో ఉంటుంది. అంటే ఆ పెట్టె లెక్క ప్రకారం ఎక్కడా లేదు. సరే, 840 దగ్గరే విందామంటే వార్తలు చదివేవాళ్లు బావిలోంచి మాట్లాడుతున్నట్టుంటుంది. పోనీ ఆటో స్కాన్ పెడితే, బలంగా అందని స్టేషన్ దాని కంటికి ఆనదు, దాటేసి పోతుంది.

వీడియో కాల్ పెట్టారు. పెద్దాయన చేతిలో టార్చి, వాళ్లావిడ చేతిలో ఫోను, ట్యూనర్‌ను పైకెత్తి పట్టుకోవడానికి డ్రైవరు, మాన్యువల్ చదవడానికి అల్లుడుగారు.

"వెనకాల పదిని తొమ్మిదికి మార్చే చిన్న స్విచ్ ఉంటుంది చూడు నాన్నా."

"ఇదేనంట్రా?"

"అది యాంటెన్నా తగిలించేది నాన్నా."

స్విచ్ లేదు. రెండు బటన్లు కలిపి నొక్కి పట్టుకోవాలని అల్లుడుగారు కనిపెట్టారు. పట్టుకున్నారు. దాచుకున్న ఎఫ్ఎం స్టేషన్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. విజయవాడ మాత్రం రాలేదు.

అటక మీదున్న పాత వాల్వు రేడియో సెట్టుకు ఈ లెక్కలేమీ తెలియవు. నాబ్ తిప్పితే దారం కదులుతుంది, స్టేషన్ మార్చే గ్యాంగ్ కండెన్సర్ రేకులు ఒకదాంట్లోకొకటి జరుగుతాయి, ముల్లు మనం ఆపినచోట ఆగుతుంది. 837 అయినా సరే, 836న్నర అయినా సరే. ఎఫ్ఎంలో కొత్తదే మేలు, ఒప్పుకుంటాను. పాతది వేడెక్కేకొద్దీ స్టేషన్ జారిపోతుంది. కానీ ఇప్పుడు కొత్త సెట్లు చాలావాటిలో మీడియం వేవే ఎత్తేశారు. మొన్న షాపులో అడిగితే, "ఎవరు వింటారు సార్ ఇప్పుడు?" అన్నాడు.

ఎవరు వింటారా? 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తుఫాను తీరం దాటింది అప్పటి మన నెల్లూరు జిల్లాలోనే కదయ్యా! రేపు మైపాడులో స్తంభాలు కూలి, సెల్ టవర్ మూగబోయి, సముద్రం ఎంతదాకా వస్తుందో తెలియక పిల్లల్ని పట్టుకుని కూర్చున్నవాడు వింటాడు. వాడికి కావాల్సింది రెండు బ్యాటరీలు, ఒక ముల్లు. అవి కూడా అమ్మరా మీరు?

షాపతను బ్లూటూత్ స్పీకర్ తీసి చూపించాడు. పాటకు తగ్గట్టు రంగురంగుల లైట్లు వెలుగుతాయట. కరెంటుంటే చాలు సార్, చార్జింగ్ గంటలో ఎక్కుతుంది అన్నాడు.