కీమోకు ముందే దాచాల్సిన కణాలు

నడుము కింద ఎముకలోకి సూది దింపి, సిరంజిలోకి కొన్ని మిల్లీలీటర్ల మజ్జ లాగుతారు. చిక్కటి ఎరుపు. కొంత గాజు పలక మీద పూతకు, కొంత జన్యు పరీక్షలకు పోతుంది. అక్యూట్ లుకేమియా, అంటే వేగంగా ముదిరే రక్త క్యాన్సర్ అని తేలితే రోజుల్లోనే కీమో మొదలవుతుంది. పరీక్షలకు పోగా మిగిలిన ఆ కాస్త మజ్జను పారేయడం నాకు పెద్ద నష్టంగా కనిపిస్తుంది. కీమో పనిచేసిందంటే అందులోని క్యాన్సర్ కణాలు మళ్లీ దొరకవు మరి.

వాటితో ఏం చేస్తారంటారా? బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి వైద్యులు అక్యూట్ మైలాయిడ్ లుకేమియా (ఏఎంఎల్) రోగుల లుకేమియా కణాలను ముందుగా తీసి దాచారు. జబ్బు అదుపులోకి వచ్చాక, అదే రోగి డెండ్రిటిక్ కణాలతో వాటిని కలిపి టీకా తయారుచేశారు. శత్రువు ఆనవాళ్లను రోగనిరోధక వ్యవస్థకు పట్టి చూపేవి ఈ డెండ్రిటిక్ కణాలే. 2016లో ఫలితాలు ప్రకటించేనాటికి, టీకా వేయించుకున్న 17 మందిలో 12 మందికి జబ్బు తిరగబెట్టలేదు. పోల్చి చూడటానికి టీకా వేయని గుంపు లేదు కాబట్టి ఘనతంతా టీకాదే అనలేం. అయినా తేలిగ్గా తీసిపారేయలేని ఫలితం.

క్యాన్సర్ జన్యుక్రమం చదివి కంప్యూటర్‌లో దాచుకుంటే చాలదా అనొచ్చు. కొన్ని టీకాలకు చాలు. కానీ మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌తో పోలిస్తే ఏఎంఎల్‌లో జన్యు మార్పులు చాలా తక్కువ, గురిపెట్టడానికి ఆనవాళ్లూ తక్కువే. మొత్తం కణాన్నే చూపిస్తే ఏ ఆనవాలు పనికొస్తుందో ముందే ఊహించక్కర్లేదు. అందుకు కణం చెడకుండా ఉండాలి. మంచు స్ఫటికాలు దాన్ని చీల్చకుండా డీఎంఎస్‌ఓ అనే రసాయనం కలిపి, నిమిషానికి దాదాపు ఒక డిగ్రీ చొప్పున చల్లబరిచి, ద్రవ నైట్రోజన్ ట్యాంకులో పెడతారు.

నాకున్న భయమల్లా దీన్ని వ్యాపారం చేసేస్తారేమోనని. లుకేమియాకు ఆమోదం పొందిన ఇలాంటి టీకా ఇంకా లేదు. లేనిదాన్ని బీమాలా అమ్మితే అది మోసమే. ఈ నిల్వ బాధ్యత ప్రజల డబ్బుతో నడిచే కణ బ్యాంకులదే కావాలి.

అనుమతి సంగతీ చూడాలి. 1976లో లుకేమియా రోగి జాన్ మూర్ ప్లీహం తీయించిన వైద్యుడు, ఆయనకు చెప్పకుండానే ఆ కణాలతో పరిశోధన సాగించి పేటెంట్ దాకా వెళ్లాడు. కణాల మీద మూర్‌కు ఆస్తి హక్కు లేదని, కానీ వైద్యుడు తన ప్రయోజనాన్ని ముందే చెప్పాల్సిందని 1990లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది. జబ్బు పేరు విన్న రోజు ఎవరికైనా టెన్షనే, పది పేజీల ఫారం ఎక్కడ చదువుతారు? ఆ రోజు దాచడానికి మాత్రమే అనుమతి అడగాలి. వాటిని ఎవరు, దేనికి వాడొచ్చన్నది మనిషి కోలుకున్నాక, తీరిగ్గా కూర్చోబెట్టి మళ్లీ అడగాలి.