ఏనుగును ముందే చంపి పెట్టుకోండి

ఈ మధ్య అబద్ధాలాడేవాళ్ల పనితనం బాగా పడిపోయింది. లేనిది ఉందంటారు, ఉన్నది లేదంటారు, సాయంత్రానికల్లా దొరికిపోతారు. చదువుకున్నవాళ్లు చేయాల్సిన పనేనా ఇది? అబద్ధమాడితే దాన్ని గుర్తుపెట్టుకోవాలి, కాపాడటానికి ఇంకో నాలుగు పుట్టించాలి. నిజం చెప్పి మోసం చేస్తే ఈ బాదరబందీ ఏదీ ఉండదు. పట్టుబడినా "నేనన్నదాంట్లో అబద్ధమెక్కడుందో చూపించండి" అని గుండె మీద చెయ్యేసుకుని అడగొచ్చు.

ఈ విద్యకు మొదటి పాఠం కురుక్షేత్రంలోనే ఉంది. ధర్మరాజు "అశ్వత్థామ హతః" అని గట్టిగా, "కుంజరః" అని మెల్లగా అన్నాడంటూ అందరూ ఆ గొణుగుడు దగ్గరే ఆగిపోతారు. అసలు కష్టం అంతకుముందే అయిపోయింది. భీముడు వెళ్లి ఆ పేరున్న ఏనుగును నిజంగానే చంపి వచ్చాడు. ఏనుగు చచ్చిందని వాక్యం పుట్టలేదు, వాక్యం కోసమే ఏనుగు చచ్చింది. ఈ వరస తలకెక్కితే సగం విద్య వచ్చినట్టే. ముందు చెప్పాల్సిన మాట తేల్చుకోవాలి, తర్వాత అది నిజమయ్యేలా ఎక్కడో ఒక ఏనుగును పడగొట్టాలి. ఆ మాటతో ధర్మరాజు రథం నాలుగంగుళాలు కిందికి దిగిందంటారు. మన బళ్లు మొదట్నుంచీ నేల మీదే నడుస్తున్నాయి కాబట్టి ఆ భయమూ లేదు.

ఏనుగులు రకరకాలు. "సగం ధరకే" అనాలంటే ముందు వారం ధర రెట్టింపు చేయాలి. "70 శాతం వరకు తగ్గింపు" అనాలంటే ఒక్క చేతిరుమాలు మీద 70 ఉంటే చాలు, మిగతా బరువంతా "వరకు" మోస్తుంది. మందు గొప్పదనం చాటాలంటే కాస్త లెక్క రావాలి. వెయ్యిమందిలో ఇద్దరికి వచ్చే జబ్బు, మందు వేసుకున్న వెయ్యిమందిలో ఒకరికి వచ్చిందనుకుందాం. తగ్గింది వెయ్యికి ఒకటి, అంటే 0.1 శాతం. దాన్ని "ముప్పు 50 శాతం తగ్గింది" అనాలి. రెండూ నిజాలే. అదే మందు వల్ల ఒక దుష్ఫలితం వెయ్యికి ఒకటి నుంచి రెండుకు పెరిగితే మాత్రం "100 శాతం పెరిగింది" అని నోరు జారకూడదు. అక్కడ "0.1 శాతం" అనాలి. లాభాన్ని ఒక తక్కెడలో, నష్టాన్ని ఇంకో తక్కెడలో తూచడం తెలియక ఎంతోమంది అమాయకులు చెడిపోయారు.

ఇంతకీ వినేవాడు ఎందుకు పడతాడు? తెలివి తక్కువై కాదు, మర్యాద ఎక్కువై. ఎదుటివాడు తనతో సహకరిస్తున్నాడనీ కావలసినంతా చెబుతున్నాడనీ నమ్మి, చెప్పని ఖాళీని తనే పూరించుకుంటాడు. 1967లో హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో తత్వవేత్త పాల్ గ్రైస్ ఈ సంగతిని విడమరిచి చెప్పాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ మన బడిలో వాచకంగా పెట్టదగ్గది. తత్వశాస్త్రం ఉద్యోగానికి పోతున్న శిష్యుడి గురించి గురువుగారు సిఫారసు ఉత్తరం రాస్తారు: ఇంగ్లిష్ బాగా వచ్చు, తరగతులకు క్రమం తప్పకుండా వచ్చేవాడు. అంతే, ఇట్లు. ఒక్క చెడ్డమాట లేదు, కుర్రాడి పని అయిపోయింది. సగం సరుకు మనది, సగం వినేవాడిది. కేసంటూ పడితే ఆ రెండో సగం మీదే పడాలి.

ఈ కళకు శిఖరం క్షమాపణ. "నా వ్యాఖ్యల వల్ల ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే చింతిస్తున్నాను." ఎనిమిది మాటలు. విప్పి చూడండి. నేనన్నానని లేదు, వ్యాఖ్యలు వాటంతటవే వెలువడ్డాయి. "ఎవరి" అనడంతో తిట్లు పడ్డ మనిషికి పేరు పోయింది. గాయపడింది మనిషి కూడా కాదు, మనోభావం. దాన్నీ ఎవరూ కొట్టలేదు, అదే వెళ్లి దెబ్బ తిన్నది. తెలుగులో దెబ్బలు తినడానికి కొట్టేవాడు అక్కర్లేదు, ఈ సదుపాయం మన భాష చేసుకున్న పుణ్యం. "ఉంటే" దగ్గర మొత్తం వ్యవహారం అనుమానంలో పడింది, రుజువు చేసే బాధ్యత తిన్నవాడిది. ఇక చింత దేనికన్నది వాక్యంలో లేదు. వీడియో బయటికొచ్చినందుకూ కావచ్చు. "తప్పుగా మాట్లాడాను, క్షమించండి" అంటే మూడు మాటల్లో తేలిపోతుంది గానీ దాక్కోవడానికి అందులో జానెడు చోటు లేదు. మరీ చిన్నది కావాలంటే "పొరపాటు దొర్లింది" ఉండనే ఉంది. కొండ మీది రాయిలా దానంతటదే దొర్లుతుంది, తోసినవాడు కనపడడు.

ఎదుటివాడి పరువు తీయడానికి ఇంత శ్రమ కూడా అక్కర్లేదు. "తిన్నాడు" అంటే రుజువు చూపాలి, "తిన్నాడట" అంటే ఒక్క అక్షరంతో బయటపడొచ్చు. "తిన్నాడా?" అంటే ఇంకా మేలు. ప్రశ్న నిజమూ కాదు, అబద్ధమూ కాదు.

గట్టిగా నిలదీస్తే "మాటలే కదా, కొట్టామా?" అనాలి. అనడమే చేయడం అయ్యే సందర్భాలున్నాయని, మాట ఇవ్వడం, పందెం కాయడం, పేరు పెట్టడం అలాంటివేనని ఇంకో తత్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ 1955లో అదే హార్వర్డ్‌లో చెప్పాడు. దాన్ని బాకీ వసూలుకు వెళ్లినప్పుడు వాడుకోండి. "మాటిచ్చావుగా" అనేటప్పుడు మాట ఇనప గొలుసు, తిట్టేటప్పుడు దూదిపింజ.

ఇదంతా అధర్మం కదా అని మనసు పీకేవాళ్లకు జర్మన్ తత్వవేత్త కాంట్‌ను చూపించండి. తలుపు తట్టిన హంతకుడితో సైతం అబద్ధమాడరాదని 1797లో వ్యాసం రాసిన నిష్ఠాగరిష్ఠుడు. అంతకు మూడేళ్ల ముందు, 1794లో, మతం మీద రాతలు ఆపమని ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ విలియం మందలిస్తే, "ఏలినవారి అత్యంత విధేయుడైన ప్రజగా" ఇక రాయనని మాటిచ్చాడు. 1797 చివర్లో రాజు పోయాడు. మరుసటేడు కాంట్ మళ్లీ మతం మీద అచ్చువేశాడు. ఆ మాట ఆచితూచి వాడానని, ఆ రాజు బతికున్నంత కాలానికే కట్టుబడ్డానని ముందుమాటలో తనే చెప్పుకున్నాడు. అబద్ధం ఉందా? వెతుక్కోండి. హంతకుడితోనూ అబద్ధం చెప్పక్కర్లేదు. "ఇందాక వీధి చివర చూశాను" అంటే సరిపోతుంది, నిజంగా చూసి ఉంటే.

ఇంత గట్టి విద్యకూ ఒక బలహీనత ఉంది. రెండో ప్రశ్న. "ఏ అశ్వత్థామ?" అని ద్రోణుడు అడిగి ఉంటే ఏనుగు దండగయ్యేది. "వెయ్యికి ఎంత?", "చింత దేనికి?" అన్నా అంతే సంగతులు. సరిగ్గా ఆ సమయానికి కృష్ణుడు శంఖం ఊదాడని జనం చెప్పుకునే కథ. దాన్ని లీల అంటారు గానీ అది ముందుగా వేసుకున్న ఏర్పాటు. ఏనుగు మీద అంత ఖర్చుపెట్టి శంఖం దగ్గర పిసినారితనం చూపినవాళ్లే ఎక్కువగా దొరికిపోతున్నారు. ఊదేవాణ్ణి నెల జీతానికి పెట్టుకోండి. రోజుకూలికి వచ్చినవాడు ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగుతాడు.