వాట్సాప్‌లో పూడిపోతున్న పాఠాలు

"సార్, ఏడో తరగతి సైన్స్, మొక్కల్లో పోషణ పాఠానికి వర్క్‌షీట్ ఎవరి దగ్గరైనా ఉందా? అర్జెంట్."

ఏ టీచర్ల వాట్సాప్ గ్రూపులోకి తొంగి చూసినా ఇలాంటి మెసేజ్ ఒకటి ఉంటుంది. నిరుడు ఇదే గ్రూపులో ఇదే పాఠానికి ఎవరో పెట్టే ఉంటారు, అది కాస్తా గుడ్ మార్నింగ్ బొమ్మలు, పదవీ విరమణ సన్మానం ఫొటోలు, డీఏ బకాయిల చర్చల కింద ఎప్పుడో పూడిపోయి ఉంటుంది. దాంతో అడిగినావిడ రాత్రి పదింటిదాకా కూర్చుని మళ్లీ మొదట్నుంచి తయారుచేసుకుంటుంది. పక్క మండలంలో ఇంకొకాయనా అదే రాత్రి అదే పని చేస్తుంటాడు.

పెట్టుకోవడానికి చోటు లేదని కాదు. టీచర్ల కోసం కేంద్రం పెట్టిన దీక్ష పోర్టల్‌ను 2017 సెప్టెంబరు 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించారు. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లూ వచ్చాయి. స్కాన్ చేస్తే వీడియో వస్తుంది, పిల్లలకు చూపించొచ్చు, బాగానే ఉంది. కానీ టీచరుకు రోజూ కావలసింది తన క్లాసుకు తగ్గట్టు రెండు ప్రశ్నలు తీసేసి మూడు కలుపుకోగలిగే ఫైలు. ద్విభాషా పుస్తకాలు వచ్చాక ఈ అవసరం ఇంకా పెరిగింది. కిరణజన్య సంయోగక్రియ పక్కన ఫొటోసింథసిస్, పత్రరంధ్రం పక్కన స్టొమాటా అంటూ ఒక్కో పాఠానికి ఒక్కో పదాల పట్టికను ఎవరి బడిలో వాళ్లు విడివిడిగా రాసుకుంటున్నారు.

ఇక ఫాంట్ల గొడవ. దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ అసలు ముడి ఇక్కడే ఉంది. మన దగ్గర చాలా మెటీరియల్ డీటీపీ సెంటర్లలో, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, 'అను' అనే కంపెనీ ఫాంట్లతో తయారైంది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు. పీడీఎఫ్ చేస్తే కంటికి బాగానే కనిపిస్తుంది, ఒక వాక్యం కాపీ చేసి వర్డ్‌లో అతికిస్తే మళ్లీ అవే గీతలు. 'పత్రరంధ్రం' అని వెతికితే దొరకదు, ఎందుకంటే కంప్యూటర్ దృష్టిలో అది తెలుగే కాదు. ఈ పాపంలో పత్రికలవాళ్లం మాకూ వాటా ఉంది, తెలుగు పేపర్ల వెబ్‌సైట్లు చాలాకాలం సొంత ఫాంట్లతోనే నడిచాయి. కాబట్టి పంచుకునే ఏ ఫైలైనా యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే పద్ధతిలో ఉండాలి, పీడీఎఫ్‌తో పాటు మార్చుకోగలిగే అసలు ఫైలూ ఇవ్వాలి. ఫైలు పేరు 'న్యూ ఫైనల్ 2' అని కాకుండా తరగతి, సబ్జెక్టు, పాఠం, సంవత్సరం కనిపించేలా పెడితే సగం వెతుకులాట తగ్గుతుంది.

కొందరు చొరవ తీసుకుని గూగుల్ డ్రైవ్‌లో ఫోల్డర్లు నడుపుతున్నారు. మెచ్చుకోవలసిందే. కానీ అది ఒకరి సొంత అకౌంటు, ఉచితంగా వచ్చేది 15 జీబీ, వాళ్లింటి పెళ్లి ఫొటోలూ అందులోనే. ఆయన ఫోల్డర్ తీసేసిన రోజున మండలం మొత్తానికి మెటీరియల్ పోతుంది. ఈ బాధ్యత రెండు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లు (ఎస్‌సీఈఆర్‌టీలు) తీసుకోవాలి. అలాగని దయచేసి ఇంకో యాప్ పెట్టి, రోజుకో ఫైలు ఎక్కించాలని టార్గెట్ మాత్రం ఇవ్వొద్దు. హాజరుకో యాప్, మధ్యాహ్న భోజనానికో యాప్ అని ఇప్పటికే వాళ్లకు తలనొప్పి చాలానే ఉంది.

పేరు సంగతి కూడా తేలాలి. ఒక టీచరు చేసిన బిట్ పేపర్ మీద ఎవరో యూట్యూబ్ ఛానల్ వాటర్‌మార్క్ వేసుకుని తిప్పుతుంటే, ఆయన రెండోసారి పంచుకోడు. మన పనిని ఇతరులు ఎలా వాడుకోవచ్చో ముందే చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో 'నా పేరు చెప్పి వాడుకోండి, మార్చుకోండి, మీరూ ఇలాగే పంచండి' అనే రకం ఒకటుంది. ఆ ఒక్క లైను ఫైలు కింద రాయడం అలవాటు చేసుకోవాలి. దొంగతనం ఆగిపోతుందని మేం అనడం లేదు, కనీసం అడిగే హక్కు మిగులుతుంది.

చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదివి వినిపించే సమయంలో ఒక గంట దీనికి ఇవ్వండి. వీలైతే ఆ ఊరి డీటీపీ ఆపరేటర్‌నూ పిలవండి. పాత అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాటిలో ఏ వత్తు ఎక్కడ తేడా కొడుతుందో చెప్పాలంటే ఆయనే చెప్పాలి.