మెంటరు గారికి రెండు క్రెడిట్లు

మొన్నమొన్నటి వరకు సీనియరు అంటే జూనియరుకు ఆమడ దూరంలో ఉంచవలసిన ప్రాణి. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగును నిషేధిస్తూ చట్టం చేసింది. 2009 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలతో విద్యార్థులూ తల్లిదండ్రులూ ఏటా హామీపత్రాలు రాసిస్తున్నారు. అది అవసరమే, దాని మీద నాకు వెటకారం లేదు. నా ఆశ్చర్యమంతా మన కళాశాలల చాకచక్యం గురించే. ‘జూనియర్ల జోలికి వెళ్లను’ అని పొద్దున సంతకం పెట్టించుకున్న సీనియరు చేతనే, ‘మెంటరుగా జూనియర్లకు దారి చూపుతూ కంటికి రెప్పలా చూసుకుంటాను’ అని మధ్యాహ్నం ఇంకో కాగితం మీద సంతకం పెట్టిస్తారు. రెండు కాగితాలూ ఒకే ఫైలులో సుఖంగా కాపురం చేస్తాయి.

సీనియరు అవసరం ఇప్పుడు నిజంగానే పెరిగింది. 2022 డిసెంబరులో యూజీసీ ప్రకటించిన డిగ్రీ చదువుల చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు (పాఠం గంటలను బట్టి లెక్కగట్టే పాయింట్లు) కావాలి. అందులో 9 క్రెడిట్లు వేరే విభాగాల కోర్సులకు. కెమిస్ట్రీ కుర్రాడు చరిత్ర చదవవచ్చు, కామర్స్ అమ్మాయి నక్షత్రాలను లెక్కపెట్టవచ్చు. మహత్తర ఆశయం! తీరా టైంటేబులు గోడెక్కాక చూస్తే, చరిత్ర సరిగ్గా ల్యాబు గంటలోనే ఉంటుంది. మనస్తత్వశాస్త్రం ఉంది, చెప్పే మనిషి లేడు. నక్షత్రాలకు సరిపడా పేర్లు రాలేదు. చివరికి ఏ సారుకు వర్క్‌లోడు తగ్గిందో ఆ సారు చెప్పే పాఠమే విద్యార్థి స్వేచ్ఛగా ఎంచుకున్న కోర్సు అవుతుంది.

ఈ సంగతి ప్రాస్పెక్టసులో దొరకదు. క్యాంటీను మెట్ల మీద దొరుకుతుంది. “అది తీసుకో తమ్ముడూ, అసైన్‌మెంటు నా దగ్గరుంది, పేరు మార్చుకుంటే చాలు” అని సీనియరు అరనిమిషంలో కెరీర్ గైడెన్సు ముగించి టీ డబ్బులు తమ్ముడి చేతే ఇప్పిస్తాడు.

ఇంత పని ఏ శిక్షణా లేకుండా జరిగిపోవడం విద్యావ్యవస్థకు తలవంపులు. అందుకే సీనియర్లకు మెంటరు శిక్షణ శిబిరాలు వచ్చాయి. దీపం, పూలగుత్తి, శాలువా, వేదిక వెనుక తేదీ వేసిన ఫ్లెక్సీ. ‘ఎదుటివారు చెప్పేది ఓపికగా వినడం’ అనే అంశం మీద వక్త గంటన్నర మాట్లాడారు. ఒక విద్యార్థి చెయ్యెత్తితే, ప్రశ్నలు చివర్లో అన్నారు. చివర్లో భోజనాలు ఉన్నాయి. అందరూ వరుసగా నిలబడ్డాక, అక్షాంశ రేఖాంశాలు పడేలా ఫోటో తీశారు. మెంటరింగ్ భూగోళం మీద ఫలానా చోట జరిగిందని ఇక ఎవరూ కాదనలేరు.

అసలు మెంటరింగ్ జరిగేది మాత్రం రిజిస్టరులో. మెంటరుకు ఎందరు విద్యార్థులనే నిష్పత్తిని కళాశాలలకు గ్రేడ్లు ఇచ్చే నాక్ సంస్థ అడుగుతూ వచ్చింది కాబట్టి, దాని బృందం రాక ఖరారు కాగానే రిజిస్టర్లకు అట్టలు పడతాయి. ఏడాది పొడవునా జరిగిన సమావేశాలన్నీ ఒకే సాయంత్రం, ఒకే నీలి సిరాతో, ఒకే చేతివాలుతో జరుగుతాయి. ‘విద్యార్థి సమస్య’ అన్న గడిలో ‘ఏమీ లేదు’ అని ఉంటుంది. పక్కనున్న ‘తీసుకున్న చర్య’ గడిలో ‘పరిష్కరించడమైనది’ అని ఉంటుంది. లేని సమస్యను కూడా వదలకుండా పరిష్కరించిన వ్యవస్థ ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?

కనుక నా మనవి: మెంటరు శిక్షణను 2 క్రెడిట్ల పేపరుగా చేయాలి. 1 క్రెడిట్‌కు 15 గంటల చొప్పున 30 గంటల పాఠం. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కే సగం గంటలు పోతాయి. దరఖాస్తుకు తెలంగాణలో ఈపాస్ పోర్టల్, ఆంధ్రలో జ్ఞానభూమి పోర్టల్, ఆధార్‌లో ఒక ఇంటిపేరు, పదో తరగతి మెమోలో ఇంకో ఇంటిపేరు. ఏ కిటికీ దగ్గర ఎవరి కాళ్లు పట్టుకోవాలో సోదాహరణంగా నేర్పాలి. ఊరు వదిలి వచ్చి మూడు రోజులుగా మెస్సుకు రాని పిల్లవాడి గది తలుపు ఎలా తట్టాలో కూడా నేర్పవచ్చు. అయితే దానికి ఫోటో ఉండదు కాబట్టి మార్కులు కష్టం.

ప్రాక్టికల్ పరీక్ష ఒక్కటే: భోజన విరామం ముగిసేలోగా ఒక బోనఫైడ్ సర్టిఫికెట్ మీద సంతకం, ముద్ర రెండూ వేయించుకు రావాలి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరుగా గేటు ఎదుటి జిరాక్స్ షాపు యజమానిని పిలవాలి. అన్ని విభాగాల సిలబస్సూ తెలిసిన వ్యక్తి విశ్వవిద్యాలయ పరిధిలో ఆయనొక్కరే. పరీక్ష తప్పినవారిని మెంటరింగ్ కమిటీలోకి తీసుకోవచ్చు. అక్కడ రిజిస్టర్లు రాయడానికి ఎప్పుడూ మనుషులు చాలరు.