నేను వచ్చింది 5:40కి, రిజిస్టర్లో రాసింది 11:20కి

ఇప్పుడే లారీ విజయవాడ ఆటోనగర్‌లో పెట్టి రాస్తున్నాను. నిద్ర లేదు, కోపం తగ్గలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. కిరాయిలో రెండు వేలు కోశారు. లేటుగా వచ్చానంట. రాత్రంతా కన్ను పొడుచుకుని బండి తోలి, చెప్పిన టైముకి ఇరవై నిమిషాల ముందే గేటు దగ్గరున్న నేను లేటంట!

మొదటి నుంచి చెప్తాను. నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకల్లా చెన్నై రెడ్‌హిల్స్ దగ్గర గోడౌన్‌కి రమ్మన్నారు. పన్నెండున్నరకే వెళ్ళాను. ఇన్సులిన్ లోడు, అర్జెంటు. మధ్యలో ఎక్కడా దించి ఇంకో బండికి మార్చకూడదు, నా బండిలో ఎక్కిన పెట్టె నా బండిలోంచే విజయవాడలో దిగాలి. ఎక్స్‌ప్రెస్ లోడంటే అదే కదా, సరుకు పార్టీ ఎక్కువ కిరాయి ఇచ్చేది అందుకే. ఒంటిగంటకి రమ్మన్నవాళ్ళు సీలు వేసేసరికి రాత్రి ఎనిమిదయింది. ఆ ఏడు గంటలు ఎవరి లెక్కలోనూ లేవు. సీలు పడిన నిమిషం నుంచి మాత్రం ఫోన్ల మీద ఫోన్లు. ఎక్కడున్నావ్, లొకేషన్ పెట్టు, పొద్దున ఆరింటికి స్లాటు, తప్పితే సరుకు దించుకోరు.

దూరం దాదాపు 430 కిలోమీటర్లు. ఈ-వే బిల్లుకి, అంటే సరుకుతో పాటు బండిలో ఉండాల్సిన జీఎస్టీ కాగితానికి, 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున గడువిస్తారు, అంటే ఈ దూరానికి ఆ కాగితానికి మూడు రోజులు టైముంది. బండి తోలే మనిషికి పది గంటలు. మన బండ్లకి 80 దాటకుండా స్పీడ్ గవర్నర్ ఉంటుంది, దారిలో ఇన్ని టోల్‌గేట్లు ఉంటాయి, మనిషన్నాక ఆకలి, నిద్ర, ఒంటికి రెంటికి ఉంటాయి. ఇవేవీ స్లాటు ఇచ్చేవాడికి పట్టవు.

తడ దాటకముందే తమిళనాడు వైపు ట్యాంకు నింపుకున్నాను, మన రాష్ట్రంలో డీజిల్ రేటు ఎట్లా ఉందో మీకు చెప్పక్కర్లేదు. నెల్లూరు దగ్గర అన్నానికి ఆగలేదు. ఒంగోలు దగ్గర టీ నిలబడే తాగాను. బొల్లాపల్లి టోల్ దాటాక, మూడున్నర ప్రాంతంలో, ఒకసారి కన్ను మూతపడింది. ఎంతసేపో తెలీదు. ఎడమ టైరు రోడ్డు అంచున మట్టిలోకి దిగి, స్టీరింగ్ అదిరితే తెలివొచ్చింది. పక్కన ఆపి, క్యాన్లో నీళ్ళు నెత్తి మీద పోసుకున్నాను. ఐదు నిమిషాలు స్టీరింగ్ పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. దవడన లవంగం పెట్టుకుని మళ్ళీ కదిలాను. అది తప్పే. అక్కడ ఒక గంట పడుకోవాల్సింది. కానీ పడుకుంటే స్లాటు పోతుంది, స్లాటు పోతే డబ్బు కోస్తారు.

మోటారు రవాణా కార్మికుల చట్టమని 1961లో ఒకటి వచ్చింది, 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లో కలిపేసేదాకా ఉంది. రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు, 5 గంటల పనికి అరగంట విశ్రాంతి అని అందులో రాసుండేది. తొమ్మిదేళ్ళు జీతానికి బండి తోలాను, ఏ ఆఫీసులోనూ ఒక్కడు కూడా ఆ చట్టం మాటెత్తగా వినలేదు. ఇప్పుడు సొంత బండి, ఫైనాన్సు వాయిదాలు, రెండో డ్రైవర్ని పెట్టుకుంటే నాకేమీ మిగలదు. కాబట్టి ఒక్కడినే.

సరే, కాజ టోల్ దగ్గర ఫాస్టాగ్‌లో డబ్బులు కట్ అయిన మెసేజ్ నా ఫోన్లో ఉంది, 4:58. మంగళగిరి, తాడేపల్లి, వారధి దాటి గోడౌన్ గేటు ముందు బండి ఆపేసరికి 5:40. గేటు మూసే ఉంది. వాచ్‌మన్ పెద్దాయన బయటికొచ్చి, "సార్లు రావాలి బాబూ, పక్కన పెట్టుకో" అన్నాడు. "సరే బాబాయ్, నేను వచ్చిన టైము రాసెయ్యి" అన్నాను. ఆయన రిజిస్టరు చూపించాడు. అట్ట ఊడిపోయిన పొడుగు పుస్తకం, పురికొస కట్టిన పెన్ను. "గేటు తీసి బండి లోపలికొచ్చినప్పుడే టైము వెయ్యమన్నారు బాబూ, ముందే వేస్తే నన్ను తిడతారు." ఆయన్ని నేనేమీ అనను. ఆయనకీ పన్నెండు గంటల డ్యూటీ, ఆయన ఉద్యోగం ఆయనకి కావాలి.

ఆరు గంటల స్లాటు ఇచ్చినవాళ్ళు పదింటికి వచ్చారు. వచ్చి టిఫిన్లు చేశారు. ఈలోపు నేను బాత్రూం అడిగాను. లోపల స్టాఫ్ కోసమే, డ్రైవర్లకి లేదు అన్నారు. పెద్దాయన ఏమీ అనలేక ప్రహరీ వెనక తుమ్మచెట్ల వైపు చెయ్యి చూపించాడు. ఊళ్ళో ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టారు కదా, కోట్ల సరుకు దిగే గోడౌన్లో డ్రైవర్లకి ఒక్క గది కట్టలేరా? నా వయసు 43. అందరూ డ్యూటీకి వచ్చే వేళకి, రోడ్డు మీద మనుషులు తిరుగుతుంటే, నీళ్ళ సీసా పట్టుకుని ఆ చెట్లలోకి వెళ్ళాను. ఆడవాళ్ళు లారీలు తోలడానికి ముందుకు రావట్లేదని మాట్లాడుతుంటారు. ఎట్లా వస్తారు? వచ్చి ఎక్కడికి వెళ్తారు?

ఇంకో సంగతి. వెనక పెట్టెల్లో 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. ఆ డిగ్రీలు రాసే మిషను, లాగర్, ప్రతి నిమిషం రాస్తూనే ఉంటుంది. కాబట్టి బండి ఆగినా సరుకుని చల్లగా ఉంచే రీఫర్ మిషను ఆగదు, దాని డీజిల్ నాదే, దాని మోత నా తలకాయ వెనకే. ఒక గంట ఆపితే ఎంతోకొంత మిగిలేది, నేను ఆపలేదు. మా అమ్మ పదకొండేళ్ళుగా ఇన్సులిన్ వేసుకుంటోంది. ఆ సీసాకి వేడి తగిలితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. క్యాబిన్లో మాత్రం ఏసీ లేదు. 2025లో కొత్తగా తయారయ్యే లారీలకి క్యాబిన్ ఏసీ తప్పనిసరి చేశారు, మంచి పని, చాలా ఏళ్ళ కిందే చెయ్యాల్సిన పని. నాది 2019 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పదింటికే సీటు మీద చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతోంది. బండి కింద నీడలో తువ్వాలు పరుచుకుని పడుకుందామంటే ఇంజను వేడంతా మొహానికే కొడుతోంది.

11:20కి గేటు తీశారు. పెద్దాయన నా మొహం చూడకుండా రిజిస్టర్లో 11:20 వేశాడు. సరుకు దించడం మూడున్నరకి అయింది, మధ్యలో గంటన్నర భోజనాలు. హాల్టింగ్, అంటే బండి ఆపి ఉంచినందుకు ఇచ్చే డబ్బు, సంగతి అడిగితే అది మాకు సంబంధం లేదన్నారు. చివరికి ఎల్ఆర్ (లారీ రసీదు) మీద సంతకానికి వెళ్తే సూపర్‌వైజరు, పాతికేళ్ళు కూడా ఉండవు, తల ఎత్తకుండా "ఏయ్ డ్రైవరూ, నీది లేటు" అన్నాడు. ఎర్ర పెన్నుతో లేట్ అని రాసి గుండ్రంగా సున్నా చుట్టాడు. నేను ఫోన్ తీసి ఫాస్టాగ్ మెసేజ్ చూపించాను. "అవన్నీ నాకెందుకు, రిజిస్టర్లో ఏముందో అదే" అన్నాడు. రాత్రంతా నా లొకేషన్ చూస్తూ కూర్చున్నది వీళ్ళే కదండీ! బండి ఎక్కడుందో నిమిషం నిమిషం వాళ్ళ కంప్యూటర్లో ఉంది. నేను పరిగెత్తాల్సినప్పుడు ఆ లొకేషన్ కావాలి, వచ్చి నిలబడ్డానని చెప్పడానికి మాత్రం అది పనికి రాదు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి ఫోన్ చేస్తే, పార్టీ లేటని రాసింది కాబట్టి రెండు వేలు కోత అని ఒక్క ముక్కలో పెట్టేశారు.

రెండు వేల కన్నా ఆ "ఏయ్" ఎక్కువ మండుతోంది. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో టీ కొట్టు దగ్గర కూడా అన్నా అనో, బాబాయ్ అనో పిలుస్తారు, ముక్కూ మొహం తెలియకపోతే అండీ అంటారు. స్టీరింగ్ పట్టుకున్నవాడికి మాత్రం ఏయ్.

ఇది ఇవాళ్టి మాట కాదు. 2020 ఏప్రిల్ నేను మర్చిపోలేదు. లాక్‌డౌన్లో హైదరాబాద్ నుంచి మందులు తెచ్చేవాణ్ణి, అప్పుడింకా జీతం డ్రైవర్నే. హోటళ్ళు లేవు, దాబాలు లేవు, ఊళ్ళకి ఊళ్ళు దారికి అడ్డంగా ముళ్ళకంప వేసుకున్నాయి. చిల్లకల్లు దాటాక ఒక ఊరి బోరింగు దగ్గర క్యాన్ పట్టుకుంటుంటే కర్రలతో వచ్చారు. ఆ రోజుల్లో టీవీల్లో మాకు దండాలు పెట్టారు, చప్పట్లు కొట్టారు. లోడు దించి, రాత్రి చిట్టినగర్‌లో మా సందులోకి వస్తే మొదట్లోనే వెదురుబొంగు అడ్డం కట్టి ఉంది. చిన్నప్పటి నుంచి తెలిసినవాళ్ళే, నా పెళ్ళిలో వడ్డించినవాళ్ళే, "లారీ మీద తిరుగుతున్నావ్ గదా, లోపలికి రావద్దు" అన్నారు. భయపడ్డారు, ఆ భయం నాకూ ఉంది. కానీ ఒక్కరు కూడా, మరి ఎక్కడ పడుకుంటావురా అని అడగలేదు.

ఇదే ఆటోనగర్లో క్యాబిన్లో పంతొమ్మిది రోజులు పడుకున్నాను. నా భార్య క్యారేజీ తెచ్చి రోడ్డు అవతల రాయి మీద పెట్టి వెనక్కి వెళ్ళి నిలబడేది, అప్పుడు నేను వెళ్ళి తీసుకునేవాణ్ణి. ఒకరోజు పాపని తీసుకొచ్చింది. దానికి ఐదేళ్ళు. నన్ను చూసి చెయ్యి విడిపించుకుని పరిగెత్తబోతే, వాళ్ళమ్మ గౌను పట్టుకుని వెనక్కి లాగింది. ఆ గౌను పసుపుది, భుజం దగ్గర కుట్టు చిరిగింది. అది ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మా సందులో పెద్దవాళ్ళు ఆ పంతొమ్మిది రోజులూ వేసుకున్న బీపీ మాత్రలు ఎవరి బండి మీద వచ్చాయో వాళ్ళు ఒక్కసారైనా అనుకుని ఉంటారా?

పొద్దున ఆ గేటు ముందు ఉన్నంతసేపూ నాకు ఆ వెదురుబొంగే గుర్తొచ్చింది. సరుకు లోపలికి పోతుంది, తెచ్చినవాడు బయట.

ఈ రెండు వేలు నేను వదలను. ఫాస్టాగ్ మెసేజీలు, లొకేషన్, ఎర్ర పెన్ను గీసిన ఎల్ఆర్ అన్నీ ఫోటోలు తీసి పెట్టాను. రేపు పొద్దున ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి వెళ్ళి కూర్చుంటాను, లోడు పోతే పోయింది. నేను అడిగేది ఒక్కటే, బండి గేటు ముందుకి వచ్చిన నిమిషం రిజిస్టర్లో పడాలి, డ్రైవరు కళ్ళ ముందే పడాలి. మీలో ఎవరికి ఇట్లా కోశారో కామెంట్లో పెట్టండి, టైములతో సహా పెట్టండి. ఆ గోడౌన్ పేరు ఇక్కడ రాయను, ఆ పెద్దాయన ఉద్యోగం పోతుంది.